మా నాగార్జునకొండ యాత్ర

ఐగుప్తు దేశము పేరు మన బాలబాలికలకు ఆదివారపు బడినుండియే పరిచితము. యోసేపు అన్నలచే అమ్మబడి పోయినదియు, మోషే జమ్ముపెట్టెలో నుంచబడి బ్రతికినదియు ఆ దేశముననే కదా! గత సంవత్సరము మేము హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమునకు పోయి, అచ్చటి ఐగుప్తు మమ్మీని చూచి వచ్చిన నాటినుండి తొమ్మిదవ తరగతివారికి ఒకటే ధ్యాస పట్టుకొనెను: పిరమిడ్లను చూడవలెను, నైలునదిపై ఓడలో పోవలెను. లక్సరు మొదలు అస్వాను వరకు యాత్రికులు నదిపై ప్రయాణము చేయుచు, రేవు రేవున దిగి, మార్గదర్శి చెప్పగా వినుచు పురాతనాలయములను చూతురని నేను భూగోళ పాఠమున చెప్పియుంటిని. “మనమెప్పుడు పోదుము సార్?” అని ఒక బాలిక అడిగెను. రుద్రారము చుట్టుపట్ల కార్ఖానాలలో కూలిచేసి బిడ్డలను చదివించుకొను తలిదండ్రులకు అది అయ్యెడి పనియా? “ఐగుప్తునకు పోలేము గాని, దానివంటి చోటికి ఒక్క దినములో పోయి వత్తము” అని మాట యిచ్చితిని.

జనవరి మాసమున ఒక శనివారము, కోడి కూయకమునుపే, నలువదిమంది విద్యార్థులతో బస్సెక్కితిమి. తల్లులు కట్టియిచ్చిన పులిహోర పొట్లముల వాసన బస్సంతయు నిండెను. నగరము దాటి, ఇబ్రహీంపట్నము, మాల్, కొండమల్లేపల్లి మీదుగా పోయి, ప్రొద్దెక్కునప్పటికి నాగార్జునసాగరము చేరితిమి. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు దీనికి శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. రాతితో కట్టిన యీ ఆనకట్ట యెత్తు సుమారు 124 మీటర్లు, ద్వారములు 26. దీని కాలువలక్రింద ఎన్ని లక్షల యెకరములు పండుచున్నవో, మనము తిను అన్నములో దీని పాలెంతయో పిల్లలకు చెప్పితిని. వారు శ్రద్ధగా వినిరి గాని, కన్నులు మాత్రము రేవుననున్న లాంచిమీదనే యుండెను.

విజయపురి సౌత్ రేవున లాంచి యెక్కితిమి. సుమారు గంటసేపు ప్రయాణము. ఇరుప్రక్కల నల్లమల కొండలు, నడుమ పచ్చని నిశ్చల జలము. కొంతదూరము పోయిన పిమ్మట మా మార్గదర్శి లేచి, “పిల్లలారా, మీ పాదములక్రింద ఒక రాజధాని యున్నది” అనెను. అంతవరకు కేకలు వేయుచున్నవారందరును ఒక్కసారిగా నిశ్శబ్దులై నీటివైపు వంగి చూచిరి.

ఆతడు చెప్పినది నిజము. శాతవాహనుల తరువాత, క్రీస్తుశకము మూడవ నాలుగవ శతాబ్దములలో, ఇక్ష్వాకు రాజులు ఈ లోయలోని విజయపురిని రాజధానిగా చేసికొని పాలించిరి. అచ్చట బౌద్ధవిహారములు, స్తూపములు, దేవాలయములు, స్నానఘట్టములు, మెట్లతో కూడిన ప్రేక్షాగారము నుండెను. రోమక నాణెములు దొరకుటచేత, ఆ కాలపు వర్తకము సముద్రములు దాటియున్నదని తెలియుచున్నది. రోమకుల ఓడలు ఐగుప్తు రేవులనుండియే మన దేశమునకు బయలుదేరెడివి గనుక, కృష్ణకును నైలునకును చుట్టరికము నేను కల్పించినది కాదు! కాలక్రమమున ఆ పట్టణము అడవి పాలయ్యెను. 1926లో ఏ. ఆర్. సరస్వతిగారు దీని జాడ కనిపెట్టిరి. పిమ్మట లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించెను. ఆనకట్ట నిశ్చయమైన తరువాత, నీరు రాకమునుపే సాధ్యమైనంత వెలికి తీయవలెనని, ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిగెను. ముఖ్యమైన కట్టడములు కొన్నిటిని రాతికి రాయి విప్పి తెచ్చి, కొండమీదను ఒడ్డుననున్న అనుపులోను మరల నిలిపిరి. మరికొన్నిటికి నమూనాలు కట్టిరి. ఒకప్పటి కొండ నేడు ద్వీపమైనది.

ద్వీపమున దిగి, 1966లో ఏర్పడిన మ్యూజియమును చూచితిమి. పలనాటి సున్నపురాతిపై చెక్కిన బుద్ధుని చరిత్రలోని ఘట్టములను బాలికలు వ్రేలితో గాలిలో గీచుకొనుచు చాలసేపు చూచిరి. రాజుగారి సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు దానము చేసినట్లు శాసనమున్నదని వినినప్పుడు వారి ముఖములు వికసించినవి. బండిచక్రమువలె ఆకులతో కట్టిన స్తూపపు పునాదియొద్ద కూర్చుండి పులిహోర తింటిమి.

అచ్చటనే నేను ఐగుప్తు సంగతి యెత్తితిని. అస్వాను ఆనకట్టను 1960లో ఆరంభించి 1970లో ముగించిరి. నైలునీరు పైకి వచ్చునని తెలిసి, రెండవ రామసేసు కొండను తొలిపించి కట్టించిన అబూ సింబెలు ఆలయములను 1964 మొదలు 1968 వరకు పెద్ద పెద్ద ఖండములుగా కోసి, సుమారు 65 మీటర్ల యెత్తునకు చేర్చి, తిరిగి యథాతథముగా కూర్చిరి. అనేక దేశములు అందులకు ధనసహాయము చేసెను. “మనవారును ఆ కాలముననే అట్టి పని చేసిరి; గర్వింపదగినది కాదా?” అని అడిగితిని.

అందరును చప్పట్లు కొట్టిరి. వెనుక వరుసలోని ఒక బాలుడు మాత్రము కొట్టలేదు. “సార్, రాళ్లను ఎత్తి పైకి తెచ్చిరి. అప్పుడు నీటిలో పోయిన ఊళ్లవారి యిండ్లను ఎవరు తెచ్చిరి?” అనెను. నేను మార్గదర్శివైపు చూచితిని. ఆతడు కొంతసేపాగి, “ఇన్నాళ్లలో ఆ మాట నన్నెవరును అడుగలేదు బాబూ” అని నిజాయితీగా చెప్పెను. ఐగుప్తులో సుమారు ఏబదివేలమంది నూబియావారు 1963, 1964 సంవత్సరములలో తమ నదీతీరమును విడిచి కొం ఓంబో ప్రాంతమునకు పోవలసివచ్చెనని నాకు తెలియును. తెలిసియు, పాఠములో దానిని చెప్పకుంటిని.

తిరుగుప్రయాణమున లాంచిలో నేనెవ్వరితోను మాటాడలేదు. నా మనస్సు మంజీరకు పోయినది. సింగూరు ఆనకట్ట కట్టినప్పుడు మా అమ్మమ్మ ఊరు నీటిపాలయ్యెను. అప్పటికి నేను చిన్నవాడను. ఆమె యెద్దులబండిమీద తన యింటి ద్వారబంధమును, తిరుగలిని ఎక్కించుకొని వచ్చినది నాకు చక్కగా జ్ఞాపకమున్నది. “ఈ రాళ్లేమిటికే?” అని ఎవరో నవ్వగా, “యోసేపు ఎముకలనే మోసికొనిపోయిరి గదా. నా తిరుగలి బరువా?” అనినదట. ఆ జలాశయపు నీరే హైదరాబాదు దప్పి తీర్చినది. అది మంచిపనియే, ఆమెయు దానిని చెడ్డదనలేదు. 2016 వేసవిలో సింగూరు ఎండిపోయినప్పుడు మా అమ్మతో కూడ పోయి చూచితిని. పగిలిన బురదలో గోడల అడుగులు, ఒక బావి వరలు, ప్రార్థనాగృహపు మెట్టొకటి కనబడెను. ఏ గోడ ఎవరిదని అమ్మనడిగితిని. సగమే చెప్పగలిగెను. మిగిలిన సగము తెలిసిన అమ్మమ్మ అప్పటికే గతించియుండెను. ఆమె బ్రతికియున్నన్నాళ్లు చరిత్ర బోధించు నేను ఆ ప్రశ్న ఆమెనెన్నడును అడుగలేదు!

సోమవారము తరగతిలో ఆ బాలుని లేపి, నా తప్పు ఒప్పుకొంటిని. మాలో తరతరములుగా రుద్రారమువారైనవారు కొందరే. తక్కినవారందరును పనికొరకు ఏదో యొక ఊరు విడిచి వచ్చినవారే. కనుక ప్రతి విద్యార్థియు ఇంటిలోని పెద్దలనడిగి, వారు విడిచివచ్చిన ఊరిపేరు, వీధులు, బావులు, చెట్లు, ఇరుగుపొరుగువారి పేర్లు ఒక నోటుపుస్తకమున వ్రాయవలెనని నిర్ణయించితిమి. మొదటి పుటను నేను వ్రాసితిని. ఆ పుటలో సగము ఖాళీగానే యున్నది. ఇంతవరకు ఇరువదియారుగురు తమ పుటలను తెచ్చియిచ్చిరి. ఒక బాలిక తన తాతగారి మాటలు వినుచు తెల్లవారినదాక మేలుకొంటినని చెప్పినది.

తలిదండ్రులకు నా మనవి యొక్కటే. ఐగుప్తునకు మీ పిల్లలను నేను తీసికొనిపోలేకపోవచ్చును. వారు నోటుపుస్తకము పట్టుకొని మీ యెదుట కూర్చుండినప్పుడు, పని యున్నదని లేచిపోకుడు.