మా అన్నకు చెప్పాకండి

నేను ప్రొద్దుటూరులో డిగ్రీలో చేరింది 1991లో. బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు, నూనె మిల్లులు, వడ్డీ వ్యాపారం. ఊరిని రెండో బొంబాయి అని మావాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆడపిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి ఆ బొంబాయి ఎక్కడో ఆగిపోయేది. ఇంటర్ అయినాక సంబంధం కుదిరేదాకా పిల్ల ఊరికే ఇంట్లో కూచోకుండా డిగ్రీ. మొదటి సంవత్సరం బెంచీ మీద ఇరుక్కుని కూచున్నాం. మూడో సంవత్సరానికి పుస్తకాలు పక్కన పెట్టుకునేంత చోటు మిగిలింది. మిగతావాళ్లంతా పెళ్లిళ్లయి పోయారు.

మేం కొందరం ఒక గుంపుగా చేరాం. మా గుంపుకు పేరు లేదు. పేరు పెడితే పోస్టరు వేయాలి, పోస్టరు వేస్తే అడుగున ఎవరి పేరో ఉండాలి. అప్పటికే విద్యార్థి సంఘాలు గట్టిగా పనిచేస్తుండేవి. ఆ అన్నలు వచ్చి ‘మహిళా విభాగం పెట్టుకోండమ్మా’ అన్నారు. వాళ్ల ఊరేగింపుకు ముందు వరసలో నాలుగు ఓణీలు కనబడాలని వాళ్ల ఆరాటం. వాళ్లను తక్కువ చేయడం లేదు, వాళ్ల దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. అయితే మాకు కావలసిన మాటలు ఆ ఊరేగింపులో అరిచేవి కావు.

ఆ మాటలు మొదలైంది ప్రొద్దుటూరులోనే రామేశ్వరం వైపు ఒక మిద్దె మీది గదిలో. అక్కడ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు బాడుగకు ఉండేవాళ్లు. హైదరాబాదు స్త్రీవాదులు 1991లో తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం మా లెక్చరరు ఒకావిడ సంచిలో పెట్టుకుని వచ్చి ఇచ్చింది. ఆడవాళ్ల ఒళ్లు గురించి, ఆరోగ్యం గురించి తెలుగులో అంత విడమరచి చెప్పిన పుస్తకం మేం చూడలేదు. దానికి పేపరు అట్ట వేసి పైన ‘కామర్స్’ అని రాసుకున్నాం. ఒకమ్మాయి గట్టిగా చదువుతుంటే మిగతావాళ్లం వినాలి. కొన్ని పేజీల దగ్గర ఆమె గొంతు ఆగిపోయేది, పుస్తకం పక్కనామె చేతికి పోయేది, ఆమె రెండు వరసలు చదివి నవ్వు ఆపుకోలేక ఇంకొకామెకిచ్చేది. నోటితో అడగలేని ప్రశ్నలు చీటీల మీద రాసి పాత బిస్కెట్ల డబ్బాలో వేయమన్నాం. ఎవరిది ఏ చీటీయో తెలియకూడదని అందరం ఒకే పెన్నుతో, ఎడమ చేత్తో రాసేవాళ్లం.

ఎక్కువ చీటీలు నెలసరి నొప్పుల గురించీ, పెళ్లి గురించీ వచ్చేవి. ఒకరోజు వచ్చిన చీటీ మాత్రం వేరే. బస్సులో రోజూ ఒకడు మీద పడుతున్నాడు, ఏం చెయ్యాలి అని రాసి, కింద గీత గీసి ఇంకో వాక్యం: ‘మా అన్నకు చెప్పాకండి.’

చదివినామె చుట్టూ చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. ఆ చీటీ ఎవరిదైనా కావచ్చు. మేం అందరం అన్నలున్నవాళ్లమే. అన్న లేకపోతే చిన్నాయన కొడుకు, మేనమామ, వాళ్లూ లేకపోతే ‘మన’ అనుకునే వర్గం మనుషులు.

బయటి ఊళ్లవాళ్లకు ఇది విడమరచి చెప్పాలి. ఏ ఊళ్లోనైనా ఆడపిల్ల తనకు జరిగింది ఇంట్లో చెబితే చదువు మానిపిస్తారన్న భయం ఉంటుంది. మా జమ్మలమడుగు, పులివెందుల పక్కన దానికి తోడు ఇంకొకటుంది. వాడు ఏ ఊరోడు, ఎవరి మనిషి అన్నది ముందుకు వస్తుంది. అన్న ఒంటరిగా రాడు, జీపు వస్తుంది. నేను చూసిందే చెబుతాను. జమ్మలమడుగు దగ్గర పల్లె నుంచి వచ్చే పిల్ల ఒకతె ఇంట్లో చెప్పేసింది. వాళ్లు పోయి పిల్లోణ్ణి కొట్టారు. ఆ పిల్లోడు అవతలి వర్గం ఇంటివాడు. వారం తిరగకుండా అది పిల్ల సంగతి కాకుండా పోయి రెండు ఊర్ల పరువు సంగతైంది. పంచాయితీలో పెద్దమనుషులు పొద్దుగూకేదాకా మాట్లాడారు. ఆ మాటల్లో బస్సు లేదు, పిల్ల లేదు. చివరకు రాజీ కుదిరింది. ఆమెకు అనంతపురం జిల్లాలో సంబంధం చూసి పంపించేశారు. హక్కుల కార్యకర్త బాలగోపాల్ రాయలసీమ ముఠా రాజకీయాల గురించి రాసినవి నేను తర్వాత చదివాను. ఇవి కోపిష్టి మనుషుల పాత పగలు కావు, ఊరి మీద పెత్తనం, కాంట్రాక్టులు, ఓట్లు పట్టుకునే పద్ధతి అని ఆయన చెప్పిన మాట నాకు ఆ పంచాయితీ తలపుకు వచ్చాకే సరిగ్గా ఎక్కింది. ఆ పద్ధతిలో ఇంటి ఆడపిల్ల మీద చెయ్యి పడటం కూడా వర్గానికి ఒక అవకాశమే.

అందుకే మా ఊళ్లలో పిల్లలు నోరు మూసుకునేది పిరికితనంతో కాదు. ఒక మాటతో ఎన్ని ఇండ్లు తగలబడతాయో లెక్క తెలిసి మూసుకునేవాళ్లు. మేం చెయ్యాల్సిన పని ఏందో ఆ చీటీ చెప్పింది: ఇంటి మగోళ్ల గుండా పోకుండా ఫిర్యాదు చేసే దారి వెతకాలి.

పోలీసు స్టేషనుకు పోదామని ఒకసారి పోయాం. ‘మీ ఇంట్లో మగోళ్లు ఎవరూ రాలేదా?’ అన్నది మొదటి ప్రశ్న. ఆడదాని మర్యాదకు భంగం కలిగిస్తే 354, మాటతోనో సైగతోనో అవమానిస్తే 509 అని మేం సెక్షన్లు బట్టీ పట్టుకుని పోయాం. స్టేషనులో ఉన్నాయన నవ్వి, టీ తెప్పించి, ఇంటికి పంపించాడు. టీ బాగుంది.

తర్వాత అర్జీలు మొదలుపెట్టాం. సాయంత్రం కాలేజీ వదిలే వేళకు ఆడపిల్లలకు ఒక బస్సు, గేటు ముందు ఆపడం, లోపల ఆడవాళ్ల సీట్లలో ఆడవాళ్లనే కూచోబెట్టడం. ఇంతే అడిగాం. ఎవడి పేరూ రాయలేదు, ఏ పిల్ల పేరూ ముందుకు తేలేదు. తొలి సంతకం ఎవరిదంటే ఆ ఇంటికి కబురు పోతుంది కదా, అందుకని సంతకాలు కాగితం మధ్యలో గుండ్రంగా పెట్టాం. పళ్లెంలాగా ఉన్న ఆ కాగితాన్ని బస్సుల అధికారి అటు తిప్పి ఇటు తిప్పి చూసి ‘దీనికి మొదలేదమ్మా?’ అన్నాడు. బస్సు మాత్రం వేశాడు. అది చిన్న గెలుపు అనుకునేవాళ్లకు ఒకటే చెబుతా: ఆ బస్సు లేకపోతే ఆ ఏడు ఎందరో పిల్లలు పరీక్షలు రాసేవాళ్లు కాదు.

అదే సమయంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథ పేపర్లనిండా వచ్చింది. అక్షరదీపం రాత్రి బడుల్లో కూచున్న ఆడవాళ్లు పాఠంలో తమ ఇంటి కథ చూసుకుని, అక్కడి నుంచే అంగళ్ల మీదికి పోయారు. 1992 చివరికి ఆ గాలి రాయలసీమకూ తగిలింది. మేం జమ్మలమడుగు పక్క పల్లెలకు పోయాం, ఉపన్యాసాలు తయారు చేసుకుని మరీ. అక్కడ ఒకవ్వ మా కాగితాలు చూసి ‘మీరు మాట్లాడాకండి పాపా, మేం మాట్లాడుకుంటాం. కలెక్టరుకు అర్జీ రాసిపెట్టి పోండి’ అంది. అంగడి ముందర కట్టెలు అడ్డం వేసుకుని కూచున్నారు. సారా ప్యాకెట్లు తెచ్చిన మనిషిని తిట్టిన తిట్లు మా డిగ్రీ సిలబస్‌లో లేవు. ఆ కూచున్నవాళ్లలో రెండు వర్గాల ఇండ్ల ఆడవాళ్లూ ఉన్నారు! పొద్దున బావి దగ్గర ఒకరి మొగం ఒకరు చూసుకోనివాళ్లు. అంగడి వేలం పాడుకున్నవాడు ఎవరి మనిషో అందరికీ తెలుసు. తెలిసే కూచున్నారు.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో రామారావు ప్రభుత్వం మొత్తం మద్యం మీదే నిషేధం పెట్టింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఇది అందరికీ తెలిసిన చరిత్రే. నాకు అక్కరకొచ్చింది వేరే: ఆ ఆడవాళ్లు ఎదురు నిలిచింది సొంత మొగుళ్లకు, కొడుకులకు. అన్నకు చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే వాళ్లకు లేదు.

జమ్మలమడుగులోనే మా నోళ్లు మూతబడ్డ సంగతి ఒకటుంది. క్యాంబెల్ ఆసుపత్రి పుణ్యమా అని ఆ ఊళ్లో చదువుకున్న దళిత క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలు మా మీటింగుకు వచ్చారు. మేం ‘ఈవ్‌టీజింగ్’ గురించి ఊపుగా మాట్లాడుతున్నాం. వెనక నుంచి ఒకమ్మాయి లేచి అంది: ‘మీకు అన్నలొస్తారని భయం. మాకు ఏమన్నా అయితే వచ్చే జీపు లేదు. మీ పిల్లల్ని ఎవరన్నా ఏమన్నా అంటే ముందు కొట్టేది మా తమ్ముళ్లనే. చుండూరులో ఏమన్నారు?’

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న చోట మొదలైన గొడవ. ఆ తర్వాత పెద్దకులాల ఇండ్ల నుంచి వినిపించిన మాట, దళిత మగపిల్లలు తమ ఆడవాళ్లను అల్లరి పెట్టారని. మేం పోస్టర్లలో రాయాలనుకున్న మాటే అది. మూడేళ్ల తర్వాత స్త్రీవాద పరిశోధకులు సూసీ తారు, తేజస్విని నిరంజన చుండూరునూ సారా పోరాటాన్నీ పక్కపక్కన పెట్టి, ‘స్త్రీ’ అన్న ఒక్క మాట కింద ఏ కులం దాగుతోందో నిలదీస్తూ వ్యాసం రాశారు. హైదరాబాదులో దాని మీద పెద్ద చర్చే నడిచిందట. జమ్మలమడుగు పిల్ల ఆ ప్రశ్నను రెండు నిమిషాల్లో అడిగి కూచుంది. ఆమె మా గుంపులోకి రాలేదు. వాళ్లు వేరేగా కలుసుకునేవాళ్లు, మమ్మల్ని అప్పుడప్పుడు పిలిచేవాళ్లు. అదే మంచిదైందని నా అభిప్రాయం.

పులివెందులకు పోవడమంటే ముద్దనూరు మీదుగా సగం రోజు ప్రయాణం. చీనీ తోటలు, ఎండిన బోర్లు, చెనిక్కాయ చేలు. బస్టాండులో దిగీ దిగగానే ‘యా ఊరు పాపా మీది? ఎవురి తాలూకా?’ అని అడిగేవాళ్లు. మీటింగుకు హాలు ఎవరూ ఇయ్యలేదు. కాదని కూడా అనలేదు, ‘చూస్తాం’ అన్నారు. మా స్నేహితురాలి తల్లి ఉపాయం చెప్పింది: శ్రావణమాసం కదా, మా ఇంట్లో పేరంటం పెడతా, ఎవరూ అడగరు. నిజంగానే ఎవరూ అడగలేదు. నట్టింట్లో చాప మీద ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు, పిల్లలు. పసుపు, కుంకుమ, శనగలు. మధ్యలో పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ చదివాం. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. ఒకావిడ తన పేరు గుర్తుచేసుకుంటున్నట్టు నటించి అందర్నీ నవ్వించింది.

స్నేహితురాలి పిన్నమ్మ ఆ నవ్వుల్లో లేదు. వంటింట్లో కూచుని శనగలు పొట్లాలు కడుతోంది. ఆమె మొగుణ్ణి వర్గాల గొడవల్లో చంపారు. పేరంటానికి ఆమె రాకూడదు. ఆ పల్లెల్లో అట్లాంటి ఆడవాళ్లు ఇంటికొకరన్నట్టు ఉండేవాళ్లు. ముఠాల లెక్కలు రాసేవాళ్లు చచ్చిన మగవాళ్లను లెక్కపెట్టారు గానీ వీళ్లను ఎవరు లెక్కపెట్టారు? నా స్నేహితురాలు లోపలికి పోయి ‘పిన్నమ్మా, ఈడ కథ చెబుతాండారు రా’ అంది. ఆమె రానంది. ఈమె కుంకుమ భరిణె తీసి గూట్లో పెట్టి ‘ఇప్పుడు పేరంటం అయిపోయిందిలే, రా’ అని చేయి పట్టుకుని తెచ్చింది. పెద్దవాళ్లు ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు కూచున్నారు. ఆ రోజు ఎక్కువ మాట్లాడింది పిన్నమ్మే: కేసు వాయిదాలకు కడపకు ఎట్లా తిప్పారు, రాజీ డబ్బు ఎవరి చేతికి పోయింది, తన సంతకం ఎవరు పెట్టారు. మేం అనుకున్న వరకట్నం ఉపన్యాసం చేతిసంచిలోనే ఉండిపోయింది.

1994లో మా చదువులు అయిపోయాయి, గుంపూ చెదిరింది. కొందరు టీచర్లయ్యారు, ఒకరు లాయరు. 1995 పంచాయతీ ఎన్నికల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు వచ్చినప్పుడు మావాళ్లలో ఒకరి అత్త సర్పంచి అయింది. సంతకం పెట్టేది మాత్రం మొగుడు. కోడలు ఆరునెలలు పోరి అత్తకు సంతకం నేర్పింది. నేను లెక్చరరునయ్యాను. 1997లో పనిచోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వస్తే స్టాఫ్‌రూములో గట్టిగా చదివాను. ‘మన దగ్గర అట్లాంటివి లేవులేమ్మా’ అన్నారు.

ఇప్పుడు లెక్క మారింది. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చింది, ప్రొద్దుటూరులో దాని ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పులివెందులలో జె.ఎన్.టి.యు., ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ. ఆడపిల్లలు క్యాంపస్‌ల నిండా ఉన్నారు. వేధింపుల మీద 2013 చట్టం ఉంది, కాలేజీల్లో అంతర్గత కమిటీలు ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. 2021లో బద్వేలు దగ్గర ప్రేమ పేరుతో వెంటబడ్డవాడి చేతిలో ఒక డిగ్రీ విద్యార్థిని చచ్చిపోయినప్పుడు, ముందే ఎందుకు చెప్పలేదని టీవీలో అందరూ ఆ పిల్లనే అడిగినట్టు మాట్లాడారు.

ఈమధ్య ఒక కాలేజీ పిల్లలు వాళ్ల కమిటీ గురించి మాట్లాడాలని పిలిచారు. బోర్డు ఉంది, ఫోన్ నంబర్లు ఉన్నాయి, ఫిర్యాదులు మాత్రం సున్నా. ఎందుకంటే ఎవరన్నా కాగితం ఇస్తే ఆఫీసువాళ్లు ముందు చేసే పని ఇంటికి ఫోన్ కొట్టడం. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థిని ఒప్పుకుంటే తప్ప ఇంటికి చెప్పకూడదని రాతపూర్వకంగా ఇమ్మని వాళ్ల అర్జీ. వాళ్లతోపాటు ప్రిన్సిపాల్ గదిలోకి నేనూ పోయాను. ఆయన మంచిమనిషే. ‘ఇంట్లో చెప్పకపోతే రేపు వాళ్లొచ్చి మా మీద పడతారు కదమ్మా’ అన్నాడు.

‘పడతారనే కదా సార్, మేం ఇన్నాళ్లూ మీకూ చెప్పంది’ అంది ఒక పిల్ల.

ఆయన వారం టైము అడిగాడు. ఆ పిల్ల ఫోన్ తీసి, ‘వారమంటే ఏ తేదీ సార్?’ అని అడిగి, ఆయన చెప్పిన తేదీని ఆయన ముందరే రాసుకుంది.