మా చూలై ఆటల మాస్టారు

సెంట్రల్ స్టేషన్లో దిగి, రిప్పన్ భవనం వెనకవైపుగా నడిస్తే నెహ్రూ స్టేడియం కనిపిస్తుంది. అక్కడ సిడెన్‌హామ్స్ రోడ్డు పట్టుకుంటే ముందు పెరియమేట్ తోలు మండీల వాసన తగులుతుంది, ఆ తరువాత మా చూలై వస్తుంది. అరవంలో చూలై అంటే ఇటుకల బట్టీ. ఆ బట్టీలు ఎప్పుడో పోయాయి. పేటకు పేరు తెచ్చిన చూలై మిల్లు కూడా 1939లో మూతపడింది. మిగిలినవి ఇరుకు సందులు, పాత మిద్దెలు, మాలాగా తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు.

మొన్న డిసెంబరులో కాలిఫోర్నియా నుంచి మా తమ్ముడి కొడుకు వచ్చాడు. అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చదువుతూ బాస్కెట్ బాల్ ఆడుతున్నాడు. దీన్ని మన జూనియర్ కాలేజీ అనుకోకండి. పన్నెండో తరగతి తరువాత రెండేళ్ళు తక్కువ ఫీజుతో చదువుకుని, ఆపైన యూనివర్సిటీకి మారే ఏర్పాటు అది. "మీ కోచ్ గొప్పవాడేనా?" అని అడిగాను. "మంచివాడు పెదనాన్నా. పగలు వ్యాయామం క్లాసులు చెప్తాడు, సాయంత్రం మాకు ఆట నేర్పిస్తాడు. కానీ పాపం, మేం ఆట నేర్చుకునేలోపు రెండేళ్ళు అయిపోతాయి. మళ్ళీ కొత్తవాళ్ళతో మొదలు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు మా మాస్టారు గుర్తొచ్చారు. మర్నాడు పొద్దున్నే వాణ్ణి ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

మాస్టారి పేరు రాయను, ఆయనకిష్టం ఉండదు. ఊరు సూళ్ళూరుపేట దగ్గర పల్లె. నందనంలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదివారు. ఆ కాలేజీకి ఒక చరిత్ర ఉంది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచు పండ్ల బుట్టలు గోడకు కొట్టించి ఈ ఆటను మొదలుపెట్టాడు. అదే స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మన మద్రాసులో ఆ కళాశాలను స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్సుకు మన జట్టును తీసుకెళ్ళిందీ ఆయనే. 1943లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. అలా ఆ బుట్టల ఆట మా చూలై సందుల దాకా వచ్చింది.

మా చిన్నప్పుడు మాస్టారు ఒక కాలేజీలో ఆటలు నేర్పేవారు. సాయంత్రం అయిదున్నరకు సైకిలు మీద వచ్చి, మా పేట పిల్లల్ని పోగేసి, స్కూలు మైదానంలో రెండు గంటలు ఆడించేవారు. పైసా తీసుకునేవారు కాదు. మాతో తెలుగు, మిగతావాళ్ళతో అరవం, తప్పు చేస్తే మాత్రం అందరికీ ఒకటే భాష, ఈల!

నాకు ఆట అబ్బలేదు, బీకాం చదివి బ్యాంకు పరీక్ష రాశాను. ఆట అబ్బినవాళ్ళు మాత్రం ఆటతోనే బాగుపడ్డారు. ఈ ఊళ్ళో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, సదరన్ రైల్వే, ఐ.సి.ఎఫ్. జట్లకు మంచి పేరుంది. స్పోర్ట్సు కోటాలో చేరితే జీవితాంతం జీతం, ఆపైన పింఛను. మాస్టారి శిష్యుల్లో అలా గట్టెక్కినవాళ్ళు నాకు తెలిసే ఏడుగురున్నారు. ఆట బాగా వచ్చిన కుర్రాడు వెళ్ళిపోతాడు, మాస్టారు మళ్ళీ కొత్త కుర్రాడికి బంతి పట్టుకోవడం నేర్పుతారు. కాలిఫోర్నియా కోచ్ కథా ఇదే.

అమెరికాలో ఆ మెట్టు మీద నుంచి పైకెక్కినవాళ్ళు లేకపోలేదు. జెర్రీ టార్కానియన్ రివర్‌సైడ్, పసడీనా కాలేజీల్లో మొదలుపెట్టి, 1990లో నెవాడా లాస్ వేగాస్ యూనివర్సిటీకి జాతీయ కప్పు తెచ్చాడు. నోలన్ రిచర్డ్‌సన్ 1980లో వెస్టర్న్ టెక్సస్ అనే చిన్న కాలేజీని గెలిపించాడు, 1994లో ఆర్కన్సా యూనివర్సిటీని గెలిపించాడు. కానీ అలాంటివాళ్ళు కొందరే. ఎక్కువమంది మొదటి మెట్టు మీదే ఉండి, పిల్లల్ని పైకెక్కిస్తారు.

మా మాస్టారికి ఆ మొదటి మెట్టు కూడా గట్టిది కాదు. కాలేజీలో ఎయిడెడ్ విభాగంలో ఉంటే ఫిజికల్ డైరెక్టరుకు లెక్చరరుతో సమానంగా యూజీసీ స్కేలు వస్తుంది. గ్రాంటు లేని విభాగంలో యాజమాన్యం ఇచ్చిందే జీతం. మాస్టారిది రెండోది. ప్రతి జూన్‌లో కొత్త కాగితం మీద సంతకం.

2004లో ఒకరోజు ఆయన మా బ్రాంచికి వచ్చారు. చూలైలోనే రెండు గదుల ఫ్లాటు బేరం కుదిరిందట. ఇంటి లోను కావాలి. ఆ సీట్లో కూర్చున్నది నేనే. జీతం చీటీ చూశాను, పదకొండు నెలల కాంట్రాక్టు కాగితం చూశాను. నిబంధనలు ఒప్పుకోవు. అరగంట కాగితాలు తిరగేసి, చివరికి "కుదరదు సార్" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఫౌలైతే ఈల వెయ్యాల్సిందే కదయ్యా. నేను నేర్పిందే కదా" అని ఫైలు మడిచి సంచీలో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం మైదానం పక్కగా వెళ్తూ చూశాను. ఎప్పటిలాగే కుర్రాళ్ళ మధ్య నిలబడి ఉన్నారు. నాకు లోపలికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు.

ఇప్పటికీ ఆయన అవధానం పాపయ్య రోడ్డు పక్క సందులో అద్దె వాటాలోనే ఉన్నారు. ఈ పాపయ్య ఎవరో తెలుసా? కుంపిణీ దొరల దగ్గర దుబాసీగా చక్రం తిప్పిన తెలుగువాడు. కుట్ర కేసులో 1792లో శిక్ష పడింది. ఆయన పేరు మాత్రం రోడ్డుకు నిలిచింది, బోర్డు మీద 'పేపియర్' అయినా సరే!

మా వాణ్ణి చూసి మాస్టారు సంబరపడ్డారు. మైదానానికి నడిచాం. వాడు నాలుగు బంతులు వేశాడు. ఆయన లేచి వెళ్ళి, వాడి మోచేయి పట్టుకుని రెండంగుళాలు లోపలికి తోసి, "ఇప్పుడెయ్యి" అన్నారు. బంతి సూటిగా పడింది. వాడు తిరిగి చూసి, "పెదనాన్నా, మా కోచ్ కూడా అచ్చం ఇదే చెప్తాడు" అన్నాడు.

ఆట కనిపెట్టిన నైస్మిత్ కాన్సాస్ యూనివర్సిటీకి కోచ్‌గా ఉన్నప్పుడు 55 గెలిచి 60 ఓడాడు. అక్కడి కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. ఆ మాట చెబితే మాస్టారు నవ్వి, "అయితే నేను ఫరవాలేదన్న మాట" అన్నారు.

వచ్చేటప్పుడు ఇరవయ్యేళ్ళుగా గొంతులో ఉన్నది బయటపెట్టాను. "సార్, ఆ లోను విషయం..." ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "వచ్చే ఆదివారం మీవాణ్ణి మళ్ళీ పంపు. ఎడమ చేత్తో వెయ్యడం రాదు వాడికి" అన్నారు.

మన సంఘం వార్షికోత్సవాల్లో ఏటా గాయకులకీ, కవులకీ, నటులకీ శాలువాలు కప్పుతున్నాం. ఈసారి ఒక ఆటల మాస్టారిని కూడా పిలవమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మీ ఊళ్ళోనూ ఇలాంటి మాస్టారు ఒకరు ఉండే ఉంటారు. వెళ్ళి ఒకసారి కనబడి రండి. నాలాగా ఇరవయ్యేళ్ళు ఆగకండి.