మా పడసాలకు టీపాయి

మన ఇంటి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బెంగళూరులో ఫ్లాట్లు కొంటున్నారు. సోఫా దిగిన వారానికే ఫోన్ చేసి, టీపాయి ఏది తీసుకోవాలి అని అడుగుతున్నారు. మమ్మల్నే ఎందుకు అడుగుతారంటే, మేము ఒకసారి బాగా తప్పుగా కొన్నామని అందరికీ తెలుసు కాబట్టి. ఆ సంగతే ఇక్కడ రాసి పెడుతున్నాం. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాం, తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

వెంకటమ్మనహళ్లి ఇంట్లో పడసాల ఎట్లుంటుందో మీకు తెలుసు. బడిలో 'పడసాలె' అని రాసేవాళ్ళం, ఇంటికొచ్చి 'పడసాల' అనేవాళ్ళం. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, కింద బండల పరుపు. ముందు వాకిలి, వెనక వాకిలి ఎదురెదురుగా ఉంటాయి గనక ఎండాకాలంలో ఇంట్లో గాలాడే చోటు అదొక్కటే. చెనిక్కాయలు వలిచేది అక్కడ, చింతపండు గింజ తీసేది అక్కడ, పండక్కి చుట్టాలొస్తే వరసగా పడుకునేదీ అక్కడే.

2020లో ఆఫీసు మూసి, ఇంటినుంచే పని చేయమన్నప్పుడు మేము ఊరికొచ్చాం. హిందూపురంలో సోఫా కొన్నాం. సోఫా వచ్చాక ముందర ఏదో వెలితిగా అనిపించి, ఫోన్‌లో బొమ్మ చూసి అద్దం టీపాయి తెప్పించాం. మేము చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కాబట్టి కొలతలన్నీ సరిచూశాం. టీపాయి పొడవు సోఫాలో మూడింట రెండు వంతులు ఉండాలి, ఉంది. ఎత్తు సోఫా కూర్చునే భాగంతో సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో ఉండాలి, ఉంది. సోఫాకీ దానికీ మధ్య అడుగున్నర సందు ఉంటే మోకాలు తగలదు, చెయ్యి చాపితే లోటా అందుతుంది. అదీ ఉంది. అన్నిటికీ పాస్ అని రాసుకున్నాం.

మొదట బయటపడింది నీళ్ళ సంగతి. మా తాలూకా బోరు నీళ్ళ గురించి చెప్పేదేముంది. తడిగుడ్డతో తుడిస్తే ఆరేలోపల అద్దం మీద తెల్లటి మచ్చలు. తుడవకపోతే దుమ్ము. తిరుమణి దగ్గర సోలార్ పార్కులో సుమారు 13,000 ఎకరాల్లో పరిచిన పలకల మీద పడేదీ ఈ దుమ్మే, వాళ్ళ కష్టం మాకప్పుడు అర్థమైంది. తర్వాత బరువు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దం ఒక్కటే 22 కిలోలు తూగుతుంది, కాళ్ళు కాక. ఇద్దరు లేనిదే జరపలేం. అందుకని జరపలేదు.

ఇవి చిన్నవి. అసలుది మాకు ఆరునెలలు కనపడలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసు కాల్ మధ్యలో కరెంటు పోతే లేచి పెరట్లోకి పోయాం. అవ్వ కొట్టం చూరు కింద, ఎండ సగం మీద పడుతుంటే, చేట ముందు పెట్టుకొని చెనిక్కాయలు వలుస్తా ఉంది.

"ఇక్కడెందుకు కూచున్నావవ్వా?"

"లోపల మీ అద్దం కూచోనుండాది గదప్పా."

కోపంగా అనలేదు. కాయ చిట్లించుకుంటానే అనింది. అరవై ఏళ్ళు ఆమె కూర్చున్న చోటు, రెండు వాకిళ్ళ మధ్య గాలాడే చోటు, సరిగ్గా అక్కడే మేము టీపాయి పెట్టాం. అవ్వ సోఫా మీద కూర్చోదు, కాళ్ళు వేలాడితే నొప్పి అంటుంది. ఆరునెలలు ఆమె పెరట్లో కూర్చుంటే మేము లోపల కాఫీ తాగుతున్నాం. రోజూ పొద్దున్నించీ సాయంత్రందాకా ఇతరుల తప్పులు పట్టే మాకు ఇది కనపడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

అద్దాన్ని మరుసటి వారమే పావగడలో తెలిసినవాళ్ళకి ఇచ్చేశాం. ఈసారి ముందు అవ్వనే అడిగాం, నీకెట్లాంటిది కావాలని. నాకెందుకు అనింది ముందు. తర్వాత, ఒంటిచేత్తో పక్కకు తోసేట్లుండల్ల, లేచేటప్పుడు పట్టుకునేట్లుండల్ల అనింది. ఏ కొలతల పట్టికలోనూ మేము చూడనివి ఈ రెండూ.

టీపాయి అనే మాటకు టీతో సంబంధం లేదని మీకు తెలుసో లేదో. హిందీలో మూడుకాళ్ళది అనే అర్థమున్న 'తిపాయి' ఇంగ్లీషువాళ్ళ నోట్లో అట్లా మారింది. మన ముక్కాలిపీటే. మూడు కాళ్ళది ఎంత ఎగుడుదిగుడు బండల మీదైనా ఊగదు, కాబట్టి ముక్కాలిదే చేయిద్దామని మురిసిపోయాం. ఊళ్ళో వడ్రంగి పాత పీట ఒకటి తెచ్చి, రెండు కాళ్ళ మధ్య అంచు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూపించాడు. పల్టీ కొట్టింది. అవ్వ లేచేటప్పుడు అంచు మీదే కదా బరువు వేసేది. దాంతో నాలుగు కాళ్ళే ఖాయం చేశాం.

కొట్టానికి ఉండే పాత వేప తలుపు పలకలతో చేశాడు. పచ్చి కొయ్య అయితే ఆరేకొద్దీ వంకర పోతుంది, పగులుతుంది. ఆ తలుపు మా తాత కాలంనుంచి ఎండి ఉన్నదే. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. మూలలు గుండ్రంగా తీయించాం. లక్క పాలిష్ వద్దన్నాం, వేడి లోటా పెడితే తెల్లటి గుండ్రం పడుతుంది. అవిసె నూనె పట్టించాం, మరక పడితే ఇంకోసారి నూనె రుద్దుకుంటే సరి. సోఫాతో చూస్తే కొంచెం పొట్టిగానే ఉంటుంది. ఫొటోలో బాగుండదు కూడా.

బండలు ఎగుడుదిగుడు గనక నాలుగో కాలు కొంచెం ఎగిరింది. వడ్రంగి దానికింద ట్రాక్టరు ట్యూబు ముక్క కొట్టాడు. దాంతో గోడ పక్కన, కిటికీ కింద ఒక్కచోట మాత్రమే అది కదలకుండా నిలబడుతుంది. అవ్వ అక్కడ సున్నంతో నాలుగు చుక్కలు పెట్టింది. పొద్దున మేము కాఫీకి మధ్యలోకి లాగుతాం, ఊగుతూనే తాగుతాం. పదింటికి ఆమె చేట తీసుకొని వచ్చి, దాన్ని ఒంటిచేత్తో తోసుకుంటా పోయి చుక్కల మీద పెట్టి, మధ్యలో కూర్చుంటుంది.