ఆఖరి నంబరు

2024 ఫిబ్రవరిలో నేనూ మా బేగమూ కాలిఫోర్నియాలో పెద్దోడి ఇంట్లో ఉన్నాం. పదకొండో తారీఖు, ఆదివారం, సూపర్ బౌల్. వీధి వీధంతా ఎర్ర జెర్సీలే. తొమ్మిదేళ్ల మా పోతా 13 నంబరు జెర్సీ తొడుక్కుని నన్ను ఆనుకుని కూచున్నాడు.

"దాదా, ఈ బ్రాక్ పర్డీ ఆఖరోడు, తెలుసా?"

"ఎందులో ఆఖరు బేటా?"

"డ్రాఫ్ట్‌లో. 262."

ఇది మన కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడి చేతికి బంతి వస్తుంది. అవతల నుంచి పహిల్వానుల్లాంటి మనుషులు మీద పడటానికి ఉరికొస్తుంటే, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో ఫైసలా చేసుకోవాలి. డ్రాఫ్ట్ అంటే ఏటా కాలేజీ కుర్రాళ్లను 32 జట్లు వంతులవారీగా ఏరుకోవడం. నిరుడు బాగా ఓడిన జట్టుకి మొదటి వంతు. అట్లా ఏడు రౌండ్లు. 2022లో మొత్తం 262 మందిని తీసుకుంటే చిట్టచివర మిగిలిన పేరు పర్డీది. ఆ ఆఖరోడికి వాళ్లు ఓ బిరుదు కూడా పెట్టారు: మిస్టర్ ఇర్రెలెవెంట్. అంటే లెక్కలోకి రాని మనిషి. మజాక్‌కే అంటారట. నాకైతే నవ్వు రాలేదు.

అంతకు ముందు ఏడే ఇదే జట్టు, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్, మూడో నంబరు కోసం మూడు మొదటి రౌండ్ వంతులు వదులుకుని ట్రే లాన్స్‌ని తెచ్చుకుంది. నాలుగేళ్లకు అతనికి 3 కోట్ల 40 లక్షల డాలర్లు. పర్డీకి దాదాపు 37 లక్షలు. 2022 సెప్టెంబరులో లాన్స్ చీలమండ విరిగింది. డిసెంబరులో అతని బదులు ఆడుతున్న గరోపొలో పాదం విరిగింది. ఇక మిగిలింది ఆఖరోడే. దిగాడు, గెలిపించాడు. లాన్స్‌ని మరుసటి ఆగస్టులో ఇంకో జట్టుకి ఇచ్చేశారు.

"అయితే ఈ నంబర్లన్నీ ఝూటేనన్నమాట" అన్నాను. నాకు లోపల్లోపల ఖుషీగా ఉంది.

పెద్దోడు సోఫాలోంచి అందుకున్నాడు. "అట్లా అనకండి అబ్బా. పై నంబరు వాళ్లే మొత్తం మీద ఎక్కువ నిలబడతారు. కింది రౌండ్లలో వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు చాలావరకు ఎవరికీ గుర్తుండవు. ఒక్క టామ్ బ్రేడీని చూపించి అందరూ ఇదే మాటంటారు."

ఆ బ్రేడీ 2000లో 199వ నంబరు. తర్వాత ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. 1998లో మానింగ్ ఒకటో నంబరు, లీఫ్ రెండో నంబరు. మానింగ్ గొప్పవాడయ్యాడు, లీఫ్ కొన్నేళ్లకే కనుమరుగయ్యాడు. ఆ రోజు అవతల జట్టులో ఉన్న మహోమ్స్ 2017లో పదో నంబరు. ఆ ఏడు రెండో నంబరుకే ట్రుబిస్కీని తీసుకుపోయారు షికాగో వాళ్లు. ఏరేవాళ్లు బేవకూఫ్‌లేం కాదు. ఎత్తు, పరుగు, ఆఖరికి అరచెయ్యి కూడా కొలుస్తారు. ఉరికొచ్చే మనుషుల మధ్య దిమాగ్ ఎంత చల్లగా ఉంటుందో కొలిచే టేపు మాత్రం లేదు.

పెద్దోడి మాట నిజమే. అయినా నాకు ఒకటి అడ్డం పడుతూనే ఉంది. బ్రేడీకి మౌకా ఎట్లా దొరికింది? 2001లో బ్లెడ్సో గాయపడితే. ఆ బ్లెడ్సో 1993లో ఒకటో నంబరు. పర్డీకీ అంతే, ఇద్దరికి దెబ్బలు తగిలితేగానీ వంతు రాలేదు. ఒకటో నంబరోడు తప్పు చేస్తే నేర్చుకుంటున్నాడంటారు, వాడి మీద డబ్బు పెట్టారు కనుక ఇంకో ఏడు సబ్ర్ చేస్తారు. ఆఖరోడు అదే తప్పు చేస్తే, మేం ముందే అనుకున్నాం అంటారు. మరి పై నంబరు వాళ్లు ఎక్కువ నిలబడటంలో హునర్ ఎంత, వాళ్లకి దొరికిన మోహ్లత్ ఎంత? రెండూ విడదీసి చెప్పేవాడెవడు?

ఈలోగా పోతా ఆట మొదలెట్టాడు. "దాదీ మొదటి రౌండ్. అబ్బా మొదటి రౌండ్. దాదా, చాచూ ఏ రౌండ్?"

పెద్దోడు టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. బేగం లేచి చాయ్ పెట్టడానికి వెళ్లింది.

పెద్దోడికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు. ఇంజనీరింగ్ రెండో ఏడు నాలుగు సబ్జెక్టులు పోయాయి. నేను ఒక్క మాటనలేదు. ర్యాంకు తెచ్చిన పిల్లోడు, ఏదో నజర్ తగిలిందనుకున్నా. ఫీజుల కోసం ఊరి చివర ప్లాటు అమ్మా. చిన్నోడు ఇంటర్‌లో లెక్కలు ఒక్కసారి తప్పాడు. సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు ఇంకా ఉంది. నేను కట్టలేదు. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర కుదిర్చేశా. "వీడి దిమాగ్ ఇంతే" అన్నా. వాడి ముందే అన్నా.

ఆట అదనపు సమయం దాకా పోయి 25-22తో మహోమ్స్ జట్టు గెలిచింది. పోతా ఏడుస్తూ నిద్రపోయాడు. గుంటూరులో అప్పటికి సోమవారం పొద్దున తొమ్మిది దాటింది. బాల్కనీలోకి వెళ్లి చిన్నోడికి ఫోన్ చేశా.

"ఏంది అబ్బా, అందరూ ఖైరియతేనా?"

"ఖైరియతే. ఊరికే చేశా."

"అన్న వాళ్ల జట్టు గెలిచిందా?"

"ఓడిపోయింది." ఆ రెండో మాట గొంతు దాకా వచ్చింది. "బేటా, ఆ రోజు సప్లిమెంటరీ..."

"ఏ సప్లిమెంటరీ అబ్బా?"

వెనక షట్టర్ పైకి లేస్తున్న చప్పుడు వినిపించింది. ఎవరో ఏసీ సంగతి అడుగుతున్నారు. "ఒక్క నిమిషం సార్" అన్నాడు వాళ్లతో. నేను లైన్లోనే ఉన్నా.