రెండోసారి చెప్పిన పాఠం

కాలేజీ అధ్యాపకుల శిక్షణ మీద రాసుకురమ్మని ఎడిటర్ పంపితే వెళ్లాను. కొత్త విద్యావిధానం, అందులో ఈ శిక్షణల పాత్ర, డైరెక్టరుగారి మాటలు, ఓ ఫొటో. ఆయనకు కావలసింది అదీ. డైరెక్టరుగారు దొరికారు, ఫొటో కూడా తీశాను. రాయదగ్గ సంగతి మాత్రం రెండో అంతస్తు చివరి గదిలో, రిటైరైన ఓ కెమిస్ట్రీ మాస్టారి చేతుల్లో కనిపించింది.

ఆంధ్రాలోని ఓ విశ్వవిద్యాలయం, పేరెందుకులెండి. అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే ఈ కేంద్రాలకు మాత్రం పేర్లకు కొదవలేదు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ వీటిని అకడమిక్ స్టాఫ్ కాలేజీలుగా మొదలుపెట్టింది. 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలన్నారు. 2023లో మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లయ్యాయి. ఆటో అతనికి ఈ చివరి పేరు ఎంత చెప్పినా అర్థం కాలేదు. స్టాఫ్ కాలేజీ అనగానే తిన్నగా తీసుకొచ్చి దింపాడు.

బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పాలంటే బీఎడ్ ఉండాలి, అదీ ఇప్పుడు రెండేళ్లు. డిగ్రీ, పీజీ పిల్లలకు చెప్పడానికి నెట్ గానీ పీహెచ్‌డీ గానీ ఉంటే చాలు. చెప్పడం ఎలాగో నేర్పే చదువేదీ అక్కర్లేదు. ఆ లోటు పూడ్చడానికే ఓరియంటేషన్ కోర్సు పెట్టారు. ఒకప్పుడు అది నాలుగు వారాలు, 24 పనిదినాలు, 144 గంటలు. తర్వాత 21 రోజులైంది. కరోనా వచ్చాక చాలా భాగం ఆన్‌లైన్‌కి ఎక్కింది. తెర మీద నలభై నల్లటి గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో పేరు, పేరు వెనక మనిషి ఉన్నాడో వంటింట్లో కాఫీ కలుపుకుంటున్నాడో దేవుడికే తెలియాలి.

నేను చూసింది మనుషులు కూర్చున్న క్లాసే. పొద్దుటి రెండు సెషన్లలోనూ పీపీటీలు నడిచాయి. విద్యార్థి కేంద్రంగా బోధించడం గురించి ఓ పెద్దమనిషి గంటన్నరసేపు ఎవరినీ నోరెత్తనివ్వకుండా చెప్పారు. టీ బ్రేక్‌లో నాతో డిగ్రీ చదివిన మిత్రుడు కలిశాడు, ఇప్పుడు చరిత్ర విభాగంలో ఉన్నాడు. వాడి పక్కన ఇద్దరు వేళ్లు మడిచి లెక్కలేసుకుంటున్నారు. ఇది గట్టెక్కితే ప్రమోషన్‌కి ఇంక ఒక్క రిఫ్రెషర్ కోర్సు మిగులుతుందట. తప్పు పట్టడానికి లేదు. అధ్యాపకుల ప్రమోషన్ల పథకం సీఏఎస్‌లో ఒక లెవెల్ నుంచి ఇంకో లెవెల్‌కి వెళ్లాలంటే ఈ సర్టిఫికెట్లు కావాలని నిబంధన. ముందు జీతం పెరగాలి, జ్ఞానం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

టీ తర్వాత మాస్టారు వచ్చారు. పెన్‌డ్రైవ్ తేలేదు. ప్రొజెక్టర్ ఆపించి, తెరని పైకి చుట్టించి, దాని వెనక ఉన్న నల్లబోర్డుని బయటికి తీశారు. కొత్త సుద్దముక్కని రెండుగా విరిచారు. నిండు ముక్క బోర్డు మీద కీచుమంటుంది, సగం ముక్క అనదు. ఎడమ వైపు జానెడు వెడల్పు వదిలి నిలువుగీత గీశారు. ఆ పట్టీలో రాసింది గంట కొట్టేదాకా చెరపరు. భుజం అడ్డం రాకుండా ఓరగా నిలబడతారు. రాసేటప్పుడు మాట్లాడరు, మాట్లాడేటప్పుడు రాయరు. డస్టర్‌ని పైనుంచి కిందికే లాగుతారు, అడ్డంగా తుడిస్తే పొడి ముందు బెంచీ వాళ్ల మీద పడుతుందని.

వీటన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఆయన బొటనవేలు. ప్రశ్న అడగగానే అది చూపుడువేలి కణుపుల మీద మెల్లగా నడక మొదలుపెడుతుంది, జపం చేసుకుంటున్నట్టు. ఆ వేలి మూడు కణుపులూ, మధ్యవేలివి మూడూ దాటేదాకా నోరు తెరవరు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకనని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లూ మాట్లాడతారు. ఈ మాట ఆయనతో అంటే నవ్వారు. "మనకి మూడు చాలవండీ. మన పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాలి కదా, దానికీ టైమివ్వాలి."

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లు కూర్చున్న క్లాసులో పాఠం ఎలా నడపాలన్నది ఏ అధ్యాపకుణ్ని కదిపినా చెప్పే మొదటి కష్టం. నాకిచ్చిన టైంటేబుల్ రెండుసార్లు తిరగేశాను. మేధోసంపత్తి హక్కులున్నాయి, ఒత్తిడి నివారణ ఉంది, ఈ సంగతి లేదు. మాస్టారి జానెడు పట్టీ ఉన్నది అందుకే. ఇంగ్లిష్ పదం అందులో గంటసేపూ కళ్లెదురుగా ఉంటుంది, వివరణ గీతకి ఇటు పక్కన తెలుగులో నడుస్తుంది.

ఆ పూట పని మైక్రో టీచింగ్. అంటే ఒకరు చిన్న పాఠం చెబితే మిగతావాళ్లు పిల్లల్లా కూర్చుని విని, ఎలా ఉందో చెప్పాలి. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి ఇది. మన బీఎడ్ కాలేజీల్లో దానికి 36 నిమిషాల లెక్కుంది: ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాలు మంచిచెడ్డలు, మళ్లీ సిద్ధమవడానికి పన్నెండు, అదే పాఠం మళ్లీ ఆరు, మళ్లీ మంచిచెడ్డలు ఆరు. ఇక్కడ ఒక్కొక్కరికి పది నిమిషాలిచ్చారు. ఏం తీసేశారో చెప్పక్కర్లేదు.

ఎకనామిక్స్ చెప్పే ఓ గెస్ట్ లెక్చరర్ లేచింది. డిమాండ్ వ్యాకోచత్వం. నిర్వచనం గడగడా అప్పజెప్పింది, బోర్డు వైపు తిరిగి ఫార్ములా రాస్తూ బోర్డుకే వివరించింది, చివర "అర్థమైందా?" అంది. అందరూ తలూపారు, నేనూ ఊపాను.

"అర్థమైందా అని అడిగితే కాదనేవాళ్లెవరమ్మా?" అన్నారు మాస్టారు. ఇంకో రెండు మూడు మాటలు చెప్పి, "బయట వరండాలో కాసేపు ఆలోచించుకుని రండి, మళ్లీ చెబుదురుగాని" అన్నారు.

కోఆర్డినేటరుగారు లేచారు. "మాస్టారూ, ఇంకా పదకొండు మంది ఉన్నారు. లంచ్‌లోపు అయిపోవాలి."

"పదకొండు మందీ ఒక్కోసారి చెప్పి కూర్చుంటే ఎవరికీ ఏమీ రాదు సార్. ముగ్గుర్నయినా రెండేసి సార్లు చెప్పనివ్వండి."

ఆవిడ తిరిగొచ్చింది. ఈసారి నిర్వచనం లేదు. "ఉప్పు ధర రెట్టింపైందనుకోండి. కూరలో ఉప్పు తగ్గిస్తారా?" అని ఆగింది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పక్కగా కూర్చున్నాను కాబట్టి నాకు కనిపించింది, బొటనవేలు కణుపుల మీద నడుస్తోంది. గదిలో ఇబ్బందిగా కదిలారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఫిజిక్స్ ఆయన, పొద్దున్నుంచీ ఫోన్లోంచి తలెత్తని మనిషి, "ఉప్పు తగ్గించం గానీ సినిమా టికెట్ రెట్టింపు చేస్తే వెళ్లడం మానేస్తాం మేడం" అన్నాడు. ఆవిడ ఎడమ పట్టీలో ఇంగ్లిష్ పదం రాసింది. నిర్వచనం వెనక బెంచీలే చెప్పేశాయి.

తర్వాత మెట్ల దగ్గర ఆవిడతో మాట్లాడాను. ఆమెది పీరియడ్ లెక్కన జీతం. ఇక్కడున్న ప్రతి రోజూ డబ్బు పోయినట్టే. గెస్ట్‌గా ఉన్నంతకాలం ప్రమోషన్ లేదు కాబట్టి సర్టిఫికెట్‌తోనూ పనిలేదు. మరెందుకొచ్చారన్నాను. "ఎనిమిదేళ్ల నుంచి చెప్తున్నానండీ. ఎలా చెప్తున్నానో ఇవాళ్టిదాకా ఒక్కరూ చెప్పలేదు."

నాకు కోపం వచ్చింది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు క్లాసు తలుపు వేసుకుని ఒంటరిగా పాఠాలు చెప్పేవాళ్లని తోటి అధ్యాపకులు వెనక కూర్చుని చూసే చోటు ఇదొక్కటే. దాన్ని పది నిమిషాలకి కుదించి, మిగతా గంటలన్నీ ఉపన్యాసాలకి ఇచ్చేశారు. ఉపన్యాసం పుస్తకంలోనైనా దొరుకుతుంది, యూట్యూబులోనైనా దొరుకుతుంది. నీ పాఠం విన్న పదిమంది, అది బాగులేదని మర్యాదగా చెప్పే ఒక పెద్దాయన, వెంటనే మళ్లీ చెప్పి చూసుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతాయి? పోనీ ప్రమోషన్ల దగ్గరైనా ఎవరైనా అడుగుతారా అంటే, 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అప్పగించిన క్లాసుల్లో 80 శాతం తీసుకుంటే బోధన 'గుడ్'. ఆ క్లాసుల్లో ఏం జరిగిందన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు.

లంచ్‌లో మా వాడి మీద ఇదంతా వెళ్లగక్కాను. నెలకో గంట పక్కవాడి క్లాసులో కూర్చోండి, వాణ్ని మీ క్లాసుకి రమ్మనండి, దీనికి ఏ కేంద్రమూ అక్కర్లేదు కదా అన్నాను.

పెరుగన్నం కలుపుకుంటూ విన్నాడు. "బాగానే ఉందిరా. కూర్చున్నాననుకో, అది ఏ కాలమ్‌లో రాయను?"

ప్రమోషన్‌కి నింపాల్సిన ఫారం వాడి ఫైల్లోనే ఉంది, తీసి చూశాను. సెమినార్లకి కాలమ్ ఉంది, కమిటీలకి ఉంది, పరీక్షల డ్యూటీకి కూడా ఉంది.