విట్‌బీలో 199 మెట్లు, వెనక్కి వచ్చిన 468 పౌండ్లు

విట్‌బీ ఊరిని ఎస్క్ అనే నది రెండుగా చీల్చుకుంటూ వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. దాని మీద ఉన్న వంతెన, పెద్ద పడవలు వచ్చినప్పుడు పక్కకి తిరిగి దారి ఇస్తుంది. 2022 ఆగస్టులో మేం వెళ్ళినప్పుడు సరిగ్గా మేం దాటబోతుంటేనే గేట్లు వేసేశారు. నాన్న రెయిలింగ్ పట్టుకుని పడవ వెళ్ళేదాకా చూసి, "మన గోస్తనీ సముద్రంలో కలిసే చోటులా లేదూ?" అన్నారు.

మాది భీమిలి. నది, సముద్రం, లైట్‌హౌస్, చేపల వాసన, ఎప్పుడో వచ్చిన తెల్లవాళ్ళ సమాధులు, ఇవన్నీ చూస్తూ పెరిగినవాళ్ళం. ఇంగ్లండ్‌లో నేను చూసిన ఊళ్ళలో మా ఊరిని గుర్తుచేసింది ఈ విట్‌బీ ఒక్కటే. అందుకే అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారనగానే లండన్ కన్నా ముందు ఇక్కడే హోటల్ బుక్ చేశాను. అయితే ఆ బుకింగ్ 2022లో చేసింది కాదు, 2020 జనవరిలో చేసింది.

ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చింది. సెలవులకి రెండు గదులు, మూడు రాత్రులు, మొత్తం 468 పౌండ్లు. కాస్త చవగ్గా వస్తోందని "నాన్ రిఫండబుల్" రేటు తీసుకుని హోటల్‌కే నేరుగా క్రెడిట్ కార్డుతో కట్టేశాను. తర్వాత ఏమైందో మీకు తెలుసు. మార్చి 22 నుంచి ఇండియా అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆపేసింది. 23 రాత్రి ఇక్కడి ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. హోటళ్ళు మూసేయమన్నారు. అమ్మ సర్దుకున్న సూట్‌కేసులోంచి కందిపొడి, ఆవకాయ తీసి మళ్ళీ అల్మారాలో పెట్టేసింది.

హోటల్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. మర్యాదగానే ఉంది. "మాది కుటుంబం నడుపుకునే చిన్న హోటల్. మీరు తీసుకున్నది నాన్ రిఫండబుల్ రేటు కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వలేం. ఏడాదిలోపు వాడుకునేలా వోచర్ ఇస్తాం" అని దాని సారాంశం.

నేను అప్పుడు లెస్టర్‌లో ఒక నర్సరీలో పిల్లల్ని చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. నర్సరీ ఫర్లోలో పెట్టడంతో జీతం ఎనభై శాతానికి దిగింది. మావారి కాంట్రాక్టు మార్చితో అయిపోయింది, కొత్తది దొరకలేదు. ఆ రోజుల్లో 468 పౌండ్లంటే మాకు నెల సరుకులు వచ్చి ఇంకా మిగిలే డబ్బు. అయినా అడగడానికి నోరు రాలేదు.

వీడియో కాల్‌లో నాన్నకి చెబితే, "వాళ్ళ హోటలూ మూతపడింది కదమ్మా, పోనీలే" అన్నారు. పక్క నుంచి అమ్మ ఫోన్ లాక్కుంది. "ఏటి పోనీలే? పిల్ల ఊరికే అడుగుతోందా? కట్టిన డబ్బే కదా!" అంది. మావారు మాత్రం, "నీ పేరున బుక్ చేశావు, నీ ఇష్టం" అని తప్పుకున్నారు. మన ఇళ్ళలో టికెట్లు, హోటళ్ళు, వీసా కాగితాలు చూసేది ఎక్కువగా మనమే. తేడా వస్తే దెబ్బలాడాల్సిందీ మనమే. దెబ్బలాడితే "పీనాసి" అని పేరు పడుతుందేమోనని వెనకాడేదీ మనమే.

నా వెనకంజ తీర్చింది రెండు విషయాలు. మొదటిది, 2020 ఏప్రిల్ 30న ఇక్కడి కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ చేసిన ప్రకటన. వ్యాపారి సేవ ఇవ్వకుండా రద్దు చేసినా, ప్రభుత్వ ఆంక్షల వల్ల ఆ సేవ ఇవ్వడం గానీ మనం అందుకోవడం గానీ కుదరకపోయినా, సాధారణంగా పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందేనని అందులో ఉంది. వెనక్కి ఇవ్వబోమని ముందే రాసుకున్న అడ్వాన్సులకీ అది వర్తిస్తుందని కూడా ఉంది. వోచర్ ఇవ్వజూపడం తప్పు కాదు, అది తప్ప దారి లేదని నమ్మించడం తప్పు. "నాన్ రిఫండబుల్" అన్న మాట నా మనసు మారితే వర్తించేది. తలుపులు వాళ్ళవే మూసి ఉంటే అది నా మీద రుద్దడానికి లేదు.

రెండోది ఒక పాత కేసు. 1902 జూన్ 26న ఏడో ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకం. ఊరేగింపు చూడ్డానికి లండన్ పాల్ మాల్ వీధిలో కిటికీ ఉన్న గదుల్ని హెన్రీ అనే ఆయన రెండు రోజుల పగటిపూటకి 75 పౌండ్లకి మాట్లాడుకుని 25 అడ్వాన్సు ఇచ్చాడు. రెండు రోజుల ముందు రాజుగారికి కడుపులో జబ్బు చేసి ఆపరేషన్ అయింది, ఊరేగింపు వాయిదా పడింది. మిగతా 50 ఇమ్మని గదుల యజమాని క్రెల్ కోర్టుకెళ్ళాడు. ఊరేగింపే లేనప్పుడు ఆ గది దేనికి, ఇవ్వక్కర్లేదు అంది కోర్టు 1903లో. కానీ ఆ పట్టాభిషేకానికే ముందుగా డబ్బు కట్టేసిన ఇంకో ఆయనకి అది వెనక్కి రాలేదు. ఆ అన్యాయాన్ని సరిచేస్తూ 1943లో చట్టం వచ్చింది. ఎవరి తప్పూ లేకుండా ఒప్పందం నెరవేరడం అసాధ్యమైతే కట్టిన డబ్బు వెనక్కి అడగొచ్చు. అవతలివాళ్ళు అప్పటికే పెట్టిన ఖర్చు కొంత కోర్టు మినహాయించవచ్చు. ఇది చదివాక నాకు తేలిగ్గా అనిపించింది. నేను అడుగుతున్నది దయ కాదు. ఈ దేశం నాకన్నా చాలా ముందే ఆలోచించి పెట్టుకున్న లెక్క.

మెయిల్ రాశాను. కోపం లేకుండా నాలుగు వాక్యాలు: బుకింగ్ నంబరు, తేదీలు, ఆ తేదీల్లో హోటల్ మూసి ఉందన్న విషయం, వోచర్ వద్దు, 14 రోజుల్లో డబ్బు ఇవ్వండి. జవాబు రాలేదు. అప్పుడు కార్డు బ్యాంకుకి రాశాను. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. వంద పౌండ్లు దాటి, ముప్ఫై వేలకు మించని కొనుగోలులో కొంతైనా క్రెడిట్ కార్డుతో కడితే, అమ్మినవాళ్ళు ఒప్పందం తప్పినప్పుడు బ్యాంకుకీ బాధ్యత ఉంటుంది. ఏడు వారాలు పట్టింది. జూలై రెండో వారంలో 468 పౌండ్లూ వచ్చాయి.

అప్పటికి జూలై 4న ఇంగ్లండ్‌లో హోటళ్ళు తెరిచారు కూడా. మా లెస్టర్‌లో మాత్రం కేసులు ఎక్కువగా ఉన్నాయని లాక్‌డౌన్ కొనసాగించారు. వోచర్ తీసుకుని ఉంటే అది సొరుగులో పడుండేది. దాని గడువు తీరేనాటికి, 2021 మార్చిలో, మేం మూడో లాక్‌డౌన్‌లో ఉన్నాం.

నా స్నేహితురాలు హౌన్స్‌లోలో ఉంటుంది. ఆవిడ బుకింగ్ వెబ్‌సైట్ ద్వారా, ఆ సైట్‌కే డబ్బు కట్టింది. మధ్యలో మూడోవాళ్ళు ఉంటే 75వ సెక్షన్ ఒక్కోసారి పనిచేయదు. ఆవిడ చార్జ్‌బ్యాక్ అడిగి సాధించుకుంది. ఇది చట్టం కాదు, కార్డు సంస్థలు పెట్టుకున్న నియమం. డెబిట్ కార్డుకీ ఉంటుంది, కానీ సాధారణంగా 120 రోజుల్లోపే అడగాలి. అదీ కుదరకపోతే ఇంగ్లండ్, వేల్స్‌లో పది వేల పౌండ్ల దాకా స్మాల్ క్లెయిమ్స్‌లో లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. ఒప్పందం తప్పిన కేసుకి ఆరేళ్ళ గడువు ఉంటుంది.

మీరు దుబాయ్‌లోనో డాలస్‌లోనో కౌలాలంపూర్‌లోనో ఉంటే చట్టాలు వేరు. కానీ ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఎక్కడైనా ఇవే. హోటల్ మూసి ఉందా, లేక తెరిచే ఉంటే నేను వెళ్ళలేకపోయానా? నన్ను ఆపింది ప్రభుత్వ ఉత్తర్వా, నా భయమా? డబ్బు ఎవరికి, ఏ కార్డుతో కట్టాను? హోటల్ తెరిచే ఉండి, వెళ్ళడానికి అడ్డేమీ లేకుండా, మనకి మనమే వద్దనుకుంటే అప్పుడు వాళ్ళ షరతులే చెల్లుతాయి. అక్కడ దెబ్బలాడటం న్యాయం కాదు.

2022లో అమ్మానాన్నలు వచ్చినప్పుడు మళ్ళీ ఆ హోటల్‌లోనే గదులు తీసుకున్నాను. ఈసారి కొంచెం ఎక్కువైనా ముందురోజు వరకు రద్దు చేసుకునే రేటు తీసుకున్నాను. కౌంటర్ దగ్గర నా పేరు చూసి ఏమంటారోనని గుండె దడదడలాడింది. అక్కడున్న పెద్దావిడ కంప్యూటర్ వంక చూసి, "ఇంతకుముందు వచ్చారా?" అంది. "రాబోయి ఆగిపోయాం" అన్నాను. "ఆ ఏడు అందరూ అంతే" అని తాళాలు ఇచ్చింది. అంతే. రెండేళ్ళుగా నేను మోస్తున్న మొహమాటం ఆవిడకి గుర్తు కూడా లేదు.

సాయంత్రం పాత వీధుల్లో తిరిగాం. విట్‌బీలో జెట్ అనే నల్లరాయి దొరుకుతుంది. విక్టోరియా రాణి భర్త పోయాక ఆ రాతి నగలు సంతాపానికి గుర్తుగా దేశమంతా వేసుకున్నారట. అమ్మ అద్దం వెనక దండ చూసి, "నల్లపూసలకి బాగుంటుందే!" అంది. అసలు కథ చెప్పాక గబుక్కున వెనక్కి తగ్గింది.

మర్నాడు కొండ మీది అబ్బే శిథిలాలకి బయల్దేరాం. పైకి 199 మెట్లు. బుకింగ్ చేసిన నాటికి నాన్నకి అరవై ఆరు. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిచేవారు. రెండేళ్ళు ఇంట్లో కూర్చోవడంతో మోకాళ్ళు బిగుసుకుపోయాయి. దారిలో అక్కడక్కడా వెడల్పు మెట్లు, బెంచీలు ఉన్నాయి. ఒకప్పుడు శవపేటికలు మోసేవాళ్ళు పైనున్న చర్చికి వెళ్తూ ఆగడానికి కట్టారట. మొదటి బెంచీ దగ్గరే నాన్న కూలబడ్డారు. "మీరు వెళ్ళిరండి, నేను పడవలు చూస్తుంటాను" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ప్రతి పౌండూ వెనక్కి తెచ్చుకున్నాను. ఆ మోకాళ్ళని ఏ బ్యాంకుకి రాసి తెచ్చుకోను?

అమ్మ ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ ఎక్కింది. పైన గాలికి చీర కొంగు నడుముకి దోపుకుని అబ్బే అంతా తిరిగింది. దిగి వచ్చాక నాన్నతో, "నూట తొంభై ఎనిమిదే ఉన్నాయండీ, ఒకటి తక్కువ" అంది.

నాన్న నా వంక చూసి నవ్వారు. "ఆ ఒక్క మెట్టుకీ మీ అమ్మాయి రిఫండ్ అడుగుతుందిలే."