తలుపు తీస్తే వయొలిన్

విశాఖ పిఠాపురం కాలనీలోని కళాభారతిలో కచేరీ ముగిసినా మా జట్టు ఓ పట్టాన కదలదు. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు దిగి వచ్చినవారూ, పోర్టులో లెక్కలు చూసేవారూ గేటు దగ్గరే ఆగిపోతారు. పొడుపులు మొదలవుతాయి.

"విజయనగరంలో తలుపు తీస్తే వయొలిన్ వినిపించింది. ఎవరది?"

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు! 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు.

"శంకరాభరణానికి ముందు 'ధీర' ఎందుకు తగిలించారు?"

ఇది కాస్త గట్టిదే. అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది లెక్కలో 'ధీ' తొమ్మిది, 'ర' రెండు. తిరగేస్తే 29, మేళకర్తల్లో ఆ రాగం సంఖ్య. మేచకల్యాణిని అలాగే విప్పితే 65. ముత్తుస్వామి దీక్షితులైతే ఎన్నో కృతుల్లో రాగం పేరును సాహిత్యంలోనే పొదిగేశారు. పొడుపులు మా సరదా అనుకుంటాం గానీ, దాచడం, విప్పడం మన సంగీతంలో ఎప్పటినుంచో ఉన్న ఆటే.

అయినా ఒక అనుమానం వదలదు. డెబ్బై రెండు మేళకర్తల సంఖ్యలూ గడగడా అప్పజెప్పేవాడు ఆలాపన వినగానే తడబడతాడు. ఏ లెక్కా తెలియని మామ్మగారు మొదటి సంచారానికే "కల్యాణి కదర్రా" అంటారు. ఆవిడను ఓడించే పొడుపు మాలో ఎవరిదగ్గరా లేదు.